ఆలస్యంగా పడే దెబ్బ

నేను ఒక చెక్కపెట్టెనని చాలామంది అనుకుంటారు. ముందు నల్లటి గుడ్డ, పైన ఆరు గుండ్రటి మీటలు, వెనక తీగలు చూసి కాస్త తెలివైనవాళ్లు పాత రేడియో అనుకుంటారు. నేను గిటార్ ఆంప్లిఫయర్‌ని. ఎలక్ట్రిక్ గిటార్‌ను విడిగా మీటితే దోమ రొదపాటి చప్పుడే వస్తుంది. ఆ చప్పుడు తీగ వెంట నాలోకి వచ్చి, వేడెక్కితేగాని పనిచేయని నా గాజు వాల్వుల్లో బలం పుంజుకుని, నాలుగు స్పీకర్లలోంచి బయటపడేసరికి గోడ మీద పటాలు ఊగుతాయి. గిటార్ వాయించినవాణ్ణి జనం మెచ్చుకుంటారు. చెవులు నొప్పి పుట్టినప్పుడు మాత్రం నా వైపు చూస్తారు.

ముప్ఫై ఏళ్లకు పైగా నన్ను తగ్గించమని అడగనివాళ్లు తక్కువ. హాళ్ల యజమానులు అడిగారు, పోలీసులు అడిగారు, పక్క వీధిలో పెళ్లి చేస్తున్న పెళ్లికూతురి తండ్రి ఒకాయన చేతులు జోడించి మరీ అడిగాడు. ఆయన కోసం ఒక్క గంట ఆగాం. తగ్గడం మాత్రం ఎప్పుడూ లేదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో హార్లన్ ఫెర్రీ అనే ఊళ్లో నేను పుట్టాను. ఒక నది, నది ఒడ్డున ఉక్కు కర్మాగారం, కర్మాగారం పొగలో ఊరు. అక్కడ వాల్టర్ హ్రుస్కా అనే పెద్దమనిషి టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు కర్మాగారంలో పనిచేసి, ఆ రణగొణలో కుడిచెవి పోగొట్టుకుని బయటికొచ్చాడు. 1983 వేసవిలో ఆయన దగ్గరికి వెర్నన్ కోసిక్ అనే ఇరవై ఏళ్లవాడు ఒక చిన్న ఆంప్లిఫయర్‌ను చంకన పెట్టుకుని వచ్చాడు. అది పూర్తిగా మాడిపోయింది. వాల్టర్ దాన్ని విప్పి చూసి, దీనితో ఏం చేయించావని అడిగాడు.

"అరిపించానండి," అన్నాడు వెర్నన్.

"దీనికి అంత గొంతు లేదు."

"నాకు అంతకంటే ఎక్కువ కావాలి."

వెర్నన్ పగలంతా కర్మాగారం యార్డులో పనిచేసేవాడు. ఉక్కు రేకును పెద్ద పెద్ద చుట్టలుగా చుట్టి అక్కడ పేరుస్తారు, క్రేన్‌తో లారీలకెక్కిస్తారు. ఒక్కో చుట్ట ఏనుగంత బరువు. ఆ చప్పుళ్లలో పెరిగినవాడికి దుకాణంలో దొరికే ఆంప్లిఫయర్ ఆనదని వాల్టర్‌కు అర్థమైంది. ఆరు వారాలు కూర్చుని నన్ను తయారుచేశాడు. నా ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్లో పడగొట్టిన సినిమా హాలుది. చెక్క ఆయన కొట్టులోని పాత అల్మారాది. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనంత బరువుగా తయారయ్యాను. నా మీద ఏ కంపెనీ పేరూ లేదు. తర్వాతి కాలంలో సంగీతం తెలిసినవాళ్లు వచ్చి ఇది ఏ కంపెనీదని అడిగితే వెర్నన్ "హ్రుస్కా" అనేవాడు. వాళ్లు ఎప్పటినుంచో తెలిసినట్టు తలూపేవారు. తెలియదని ఒప్పుకున్నవాడు నాకు ఒక్కడూ తారసపడలేదు.

వెర్నన్‌కు ఒక చెల్లెలుంది, మార్లా. అతనికంటే పదమూడు నెలలు చిన్నది. బడిలో బ్యాండు మాస్టారు ఆమె చేతికి ఫ్లూట్ ఇస్తే, డ్రమ్ము వాయించే పిల్లవాడితో మార్చుకుని ఇంటికొచ్చింది. మాస్టారు రెండుసార్లు వెనక్కి మార్పించాడు, మూడోసారి ఊరుకున్నాడు. పాడేవాడు డెల్‌రాయ్ పింక్నీ. కర్మాగారంలో వెల్డరు, ఆదివారం పొద్దున తమ నల్లవాళ్ల చర్చిలో బృందగానంలో ముందు వరుస. బేస్ గిటార్ వాయించే గస్ లాంబ్రోస్ వాళ్ల కుటుంబానికి బస్టాండు దగ్గర ఒక హోటలుంది. అతను అందులో వంటవాడు. నా గుడ్డలో ఇప్పటికీ వేగిన ఉల్లిపాయల వాసన ఉందంటే అతని చలవే.

ఫోర్త్ స్ట్రీట్‌లో ఒక లాండ్రీ కింద ఉన్న నేలమాళిగలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం, డెల్‌రాయ్ చర్చి నుంచి రాగానే ప్రాక్టీసు మొదలయ్యేది. పైన పదహారు యంత్రాలు బట్టలు ఉతుకుతుండగా కింద మేము మొదలుపెట్టేవాళ్లం. బ్యాండుకు కోల్డ్ రివెట్ అని పేరు పెట్టింది డెల్‌రాయే. ఇనప మేకును ఎర్రగా కాలినప్పుడే కొట్టాలి, చల్లారితే పనికిరాదని పక్కన పారేస్తారు. పారేసినవన్నీ మేమే అనుకోండి అన్నాడతను. ఆ ఏడాదే కర్మాగారం మూడు వందల మందిని ఇంటికి పంపింది. ఎవరికీ ఆ పేరు విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

వాళ్లు వాయించేదాన్ని థ్రాష్ అంటారు. రాక్ సంగీతానికి కోపమొచ్చి పరుగెత్తితే ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది. వెర్నన్ కుడిచెయ్యి తీగల మీద కనపడకుండా ఆడేది. డెల్‌రాయ్ చర్చిలో మోగించిన గొంతునే ఇక్కడ గరుకుగా మార్చి అరిచేవాడు. కానీ ఆ పరుగుకు అసలు కారణం మార్లా పాదాలు. ఆమె ముందు రెండు పెద్ద డ్రమ్ములుండేవి, ఒక్కో పాదం కింద ఒక్కో పెడల్. ఆ రెండు పాదాలూ కుట్టుమిషన్ సూదుల్లా పడేవి. వాళ్ల టేపు చేతులు మారి దూరదూరాల ఊళ్లకు వెళ్లింది. విన్నవాళ్లు అది మనిషి వాయించింది కాదని, టేపు వేగం పెంచారని ఉత్తరాలు రాసేవారు.

పిట్స్‌బర్గ్‌లో ఒక హాల్లో మైకులు అమర్చే మనిషి మార్లాను చూసి, ఈ బ్యాండులో ఎవరి తాలూకు నువ్వు, కుర్చీ వేయమంటావా అని అడిగాడు. మార్లా అతన్ని దాటుకుని వేదిక ఎక్కింది. తన స్టూలు మీద కూర్చుని, మైకులు పెట్టకముందే మొదటి పాట మొదలుపెట్టేసింది. ఆ మనిషి పాట అయ్యేదాకా చేతిలో మైకుతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఆమె పెద్ద డ్రమ్ముల ముందు ఒకటికి రెండు మైకులు పెట్టాడు. క్షమించమని అడగడం కంటే మగవాళ్లకు అది తేలిక.

1986లో ఒక చిన్న సంస్థ వాళ్ల మొదటి రికార్డు వేసింది. రెండేళ్లు సెలవు రోజుల్లో వ్యానులో తిరిగాం. అయినా మగవాళ్లు ముగ్గురూ కర్మాగారంలోనో హోటల్లోనో పని వదల్లేదు. మార్లా కూడా అన్న పనిచేసే యార్డులోనే వేరే షిఫ్టులో చేరింది. 1988లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద రికార్డు కంపెనీ కబురు పంపింది. కంపెనీ తరఫున మాట్లాడినాయన పేరు ప్రెస్కాట్. అక్టోబరులో ఒక శుక్రవారం న్యూయార్క్ వచ్చి, కాగితాలు చదువుకుని సంతకం చేయమని వెర్నన్‌కు చెప్పాడు. ఆ శుక్రవారం పగటి షిఫ్టు వెర్నన్‌ది. అతను చెల్లెలిని తన బదులు షిఫ్టుకు వెళ్లమని అడిగాడు. ఆమె వెళ్లింది.

క్రేన్ గొలుసు తెగింది. ఉక్కు చుట్ట కిందపడి, దొర్లి, మార్లా కుడిపాదం అంచు మీదుగా పోయి లారీకి తగిలి ఆగింది. మరో జానెడు ఇటు వచ్చి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాను. వైద్యులు చీలమండ ఎముకలను కమ్మీలతో కలిపి బిగించారు. నడవగలదు గానీ ఆ కీలు ఇక ఎప్పటికీ వంగదన్నారు.

ఇవన్నీ నేను కళ్లారా చూడలేదు. తొమ్మిది వారాలు నేలమాళిగలో దుమ్ము పట్టి కూర్చున్నాను. గస్, డెల్‌రాయ్ అప్పుడప్పుడూ వచ్చి, కూర్చుని, లోగొంతుతో మాట్లాడుకుని వెళ్లేవారు. వాళ్ల మాటల వల్లే నాకు తెలిసింది. వెర్నన్ ఒక్కసారీ రాలేదు. ఆస్పత్రికి రోజూ వెళ్తున్నాడట, కానీ మంచం తలవైపే నిలబడి వస్తున్నాడట.

పదో వారంలో ప్రెస్కాట్ దిగాడు. మంచి కోటు వేసుకున్నాడు, మెట్ల మీద తడిగా ఉంటే జాగ్రత్తగా అడుగులు వేశాడు. అతను చెడ్డవాడు కాదు. మార్లా గురించి నిజంగానే బాధపడ్డాడు, పూలు పంపించానన్నాడు. తర్వాత, లాస్ ఏంజిలెస్‌లో క్లే అనే డ్రమ్మరున్నాడు, ఎంత వేగమైనా వాయిస్తాడు, రికార్డు వరకు అతన్ని పెట్టుకుందాం, అట్ట మీద ఫొటోలో మార్లానే ఉంటుంది అన్నాడు. డెల్‌రాయ్ వద్దన్నాడు. గస్ వెర్నన్ వైపు చూశాడు. వెర్నన్ సరేనన్నాడు.

ఆ సరే నాకు నచ్చలేదని ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు నన్నెవరూ అడగలేదు.

క్లే వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, మితభాషి, మర్యాదస్తుడు. వాయించాడు చూడండి, ఒక్క తప్పు లేదు. మార్లా ఎక్కడెక్కడ ఎలా వాయించేదో రికార్డు విని అంతా నేర్చుకుని వచ్చాడు. పాట అయిపోయింది. అప్పుడు మెట్ల మీద ఊతకర్ర చప్పుడైంది. మార్లా నాలుగో మెట్టు మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో, పైన యంత్రాల హోరులో మాకు వినపడలేదు.

"బాగా వాయిస్తున్నాడు," అంది ముందు. తర్వాత వెర్నన్ వైపు తిరిగింది. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు సరేనంటావు," అన్నాడు వెర్నన్. "నీ నోటి నుంచి ఆ మాట వినలేక చెప్పలేదు."

"నేను సరేననను."

వెర్నన్ గిటార్ పక్కన పెట్టేశాడు. ఆ రోజు షిఫ్టు తనదని, పడాల్సింది తన కాలి మీద అని, చెల్లెలి పాదం చూసినప్పుడల్లా తనకు ఊపిరాడటం లేదని అన్నాడు. అందరి ముందూ అన్నాడు. పరాయివాడైన క్లే తల దించుకుని డ్రమ్ము కర్రల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మార్లా ఒక్కో మెట్టే దిగి వచ్చింది. ఊతకర్రలు గోడకు ఆనించింది.

"గొలుసు తెగింది, వెర్న్. నువ్వు తెంపలేదు. నీకు బాధగా ఉంటే నేను మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకో. అంతేగాని నీ బాధ తీరడం కోసం నా పాట ఇంకొకడికి ఇవ్వకు."

క్లే లేచి స్టూలు ఖాళీ చేశాడు. ఎవరూ చెప్పకుండానే దాన్ని నాలుగు అంగుళాలు పైకెత్తి బిగించాడు, వంగని కాలు చాచుకోవడానికి వీలుగా. ఆ మనిషి పేరు ఏ రికార్డు మీదా లేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మార్లా కూర్చుంది. ఎడమపాదం ఎప్పటిలాగే పలికింది. కుడిపాదం మాత్రం వేళ్లతో నొక్కలేకపోయింది. రెండుసార్లు జారింది. మూడోసారి ఆమె పాదాన్ని వదిలేసి, తుంటి నుంచి కాలు మొత్తం ఎత్తి దించింది. ఒక్కటే దెబ్బ. చాలా బరువైన దెబ్బ. పడవలసిన క్షణం కంటే రవ్వంత ఆలస్యంగా పడింది. నేలమాళిగ కిటికీ అద్దం ఒకటి చిట్లింది.

ఆమె అదే వరసను మళ్లీ వాయించింది. ఎడమకాలు మూడుసార్లు, ఆ తర్వాత ఎదురుచూపు, ఆ తర్వాత కుడికాలు. పాత పాట సగం వేగానికి దిగింది. ముందు గస్ బేస్ అందుకున్నాడు. అతని మెడ తనకు తెలియకుండానే ఊగడం మొదలైంది. వెర్నన్ చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత గిటార్ తగిలించుకుని, పాత పద్ధతిలోనే వాయించాడు. కుదరలేదు. అంత నెమ్మదిలో అతని స్వరాలు పీలగా వినిపించి మధ్యలోనే చచ్చిపోతున్నాయి. అప్పుడతను తీగలను సడలించాడు, మామూలు శ్రుతికి బాగా కింద దాకా. ఒక్కసారి మీటాడు.

నాలో అంత లోతు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. సినిమా హాలు ట్రాన్స్‌ఫార్మర్ కదా, వెయ్యిమంది కూర్చునే చోటు కోసం పుట్టింది. ఐదేళ్లుగా దాన్ని పరుగెత్తించారే గాని ఎవరూ నిలబెట్టి పలికించలేదు. ఆ మధ్యాహ్నం పలికింది. డెల్‌రాయ్ పాడటానికి నోరు తెరిచి, మొదటి పంక్తి పూర్తిచేయకుండానే నవ్వేశాడు.

ఈ రకం సంగీతానికి గ్రూవ్ అని పేరు. అప్పటికే ఇంకొన్ని ఊళ్లలో కొందరు ఆ దారిలో నడుస్తున్నారని తర్వాత తెలిసింది. మావాళ్లు మాత్రం ఎవరినీ చూసి అక్కడికి రాలేదు. ఒక కీలు వంగకపోవడం వల్ల వచ్చారు.

కొత్త టేపు విన్న ప్రెస్కాట్ మళ్లీ వచ్చాడు. కోటు కూడా విప్పలేదు. దేశం మొత్తం వేగం కోసం ఎగబడుతుంటే ఈ నడక ఎవరికి కావాలన్నాడు. ఇది మేము కొన్న బ్యాండు కాదన్నాడు.

"మేము మీకు పంపింది టేపు," అన్నాడు డెల్‌రాయ్. "బ్యాండును అమ్మకానికి పెట్టలేదు."

ఒప్పందం రద్దయింది. 1989 వసంతంలో కర్మాగారం కూడా మూతపడింది. ఊళ్లో సగం ఇళ్ల ముందు అమ్మకం పలకలు లేచాయి. కార్మిక సంఘం హాలు ఖాళీగా ఉంటే సంఘం కార్యదర్శి తాళాలు తెచ్చిచ్చి, మీకు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు వాడుకోండి, ఇక్కడ ఇప్పుడు మీటింగు పెట్టడానికి మిగిలిందెవరు అన్నాడు. అక్కడే మూడు పగళ్లు కూర్చుని రికార్డు చేశారు. రికార్డు చేసే మనిషి నన్ను కాస్త తగ్గించమన్నాడు. వెర్నన్ కుదరదన్నాడు. నన్ను నడవలోకి నెట్టారు. అక్కడి నుంచి కూడా ఎక్కువైందన్నాడు. చివరికి అతనే తన సరంజామా తీసుకుని వీధిలో నిలబెట్టిన వ్యానులో కూర్చున్నాడు. ఆ రికార్డు పేరు 'ఎడమకాలు'. అట్ట మీద మార్లా బూట్లు రెండు, ఒకటి అరిగింది, ఇంకోటి కొత్తది.

ఇక్కడి నుంచి అంతా జయజయధ్వానాలే అని చెప్పాలని ఉంది. నిజానికి మొదట వచ్చినవి తిట్లు. మా పాత అభిమానులు, చొక్కాల మీద మా పేరు కుట్టించుకున్నవాళ్లే, మమ్మల్ని ద్రోహులన్నారు. మందగించారని, ముసలివాళ్లయ్యారని, అమ్ముడుపోయారని రాశారు. ఎవరికి అమ్ముడుపోయామో మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్న ఒక్కడూ కాగితాలు చించి వెళ్లిపోయాడు కదా.

1990 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో ఒక శనివారం మధ్యాహ్నం కచేరీ. బయట మంచు. లోపల నాలుగు వందల మంది. రెండో పాట సగంలో ముందు వరుసలోని పాతికమంది వేదికకు వీపు తిప్పి నిలబడ్డారు. తర్వాత నేల మీద కూర్చున్నారు. వాళ్లను చూసి ఇంకొందరు కూర్చున్నారు. పాట ఆగాక వేగం, వేగం అంటూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పాత రోజుల్లో మార్లా పాదాలు పడే వేగంతో కొట్టారు. అది ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెర్నన్ వెనక్కి తిరిగి, పాత పాట ఒకటి ఎలాగో లాగించేద్దామా అని కళ్లతోనే అడిగాడు.

మార్లా ఏం చెప్పిందో నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "ఇందాకటిదే మళ్లీ," అంది. "ఇంకా నెమ్మదిగా."

డెల్‌రాయ్ మైకులో, తొందర ఉన్నవాళ్లకు తలుపు అటుందని, మాకు తొందరేమీ లేదని చెప్పాడు. మామూలు గొంతుతోనే చెప్పాడు. అదే పాట మళ్లీ వాయించారు. వందమందిదాకా లేచి మంచులోకి వెళ్లిపోయారు. పాట అయ్యాక మార్లా మూడోసారి మొదలుపెట్టింది, అంతకంటే నెమ్మదిగా. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య మనిషి ఊపిరి తీసి వదలొచ్చు. నాకు అటువంటి ఎడం ఇస్తే నేనేం చేస్తానో మీకు చెప్పాలి. ఆ ఖాళీ అంతా నింపేస్తాను. నేల మీద కూర్చున్నవాళ్లకు శబ్దం ముందు నడుముకే తగిలింది. వీపు తిప్పి కూర్చున్న ఒక బట్టతలవాడి తల, ఆ కుడికాలి దెబ్బ పడ్డ ప్రతిసారీ ముందుకు వాలడం చూశాను. అతను ఆపుకోవాలని చూశాడు. కుదరక లేచి నిలబడి ఇటు తిరిగాడు. అతని వెనక ఇంకొకడు లేచాడు. పాట పూర్తయ్యేసరికి కూర్చున్నవాళ్లెవరూ లేరు. వేదిక దిగాక మార్లా గోడకు ఆనుకుని, వంగని కాలును రెండు చేతులతో ఒత్తుకుంది. వెర్నన్ చెయ్యి ఇచ్చాడు. పట్టుకుంది.

ఆ తర్వాతి కాలం బాగానే నడిచింది. యూరప్ వెళ్లాం. అక్కడి కరెంటు నాకు పడదు, రెట్టింపు జోరు. నా వెంట దాన్ని తగ్గించే ఇంకో పెట్టెను మోసుకెళ్లేవారు. జర్మనీలో, పోలండులో మా పాటలకు జనం మాట ఒక్కటీ అర్థం కాకపోయినా గొంతు కలిపేవారు. ఒక పత్రికలో పెద్దమనిషి ఒకాయన మార్లా ఆలస్యపు దెబ్బ మీద నాలుగు పేజీలు రాశాడు, దాని వెనక లోతైన లెక్క ఉందని. మార్లా అది చదివి, "కీలు వంగదు, అంతే," అని పక్కన పెట్టింది. నాకు తెలిసి ఆ రోజుల్లో చీలమండలు నిక్షేపంలా ఉన్న డ్రమ్మర్లు ఎందరో, ఆమెలాగా రవ్వంత ఆలస్యంగా కొట్టడానికి నెలల తరబడి సాధన చేశారు. మనుషులు ఒకరి గాయాన్ని ఇంకొకరు ఫ్యాషన్‌గా తొడుక్కోవడం నేను చూసిన వింతల్లో ఒకటి.

ఆ తర్వాత గాలి మారింది. కొత్త బ్యాండ్లు వచ్చాయి, హాళ్లు చిన్నవయ్యాయి. 2001లో గస్ వాళ్ల నాన్న పోతే హోటలు అతని మీద పడింది. గస్ లేకుండా వాయించేది లేదని మిగతా ముగ్గురూ తేల్చేశారు. నేను ఆ హోటలు సామాన్ల గదిలో, టమాటా డబ్బాల పక్కన ఏళ్ల తరబడి ఉన్నాను. నా మీద పిండి సంచులు పెట్టేవారు. గస్ మాత్రం నెలకోసారి వచ్చి సంచులు దించి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ సంచులు పెట్టేవాడు.

2014 వేసవిలో ఊరివాళ్లు జాతర లాంటి సంబరం ఒకటి పెట్టారు. కర్మాగారం కూల్చిన స్థలం చదునుచేసి ఉంది, అక్కడే. పాత బ్యాండు కదా, అయిదు పాటలు వాయించండి, నాలుగింటికల్లా ముగించండి, తర్వాత వంటల పోటీ ఉంది అన్నారు. నలుగురూ ఒప్పుకున్నారు. వెర్నన్ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరుగుతున్నాయి. డెల్‌రాయ్ నెత్తి పూర్తిగా తెల్లబడింది. జనం అయిదారు వందల మంది, మడత కుర్చీలతో సహా వచ్చారు.

మూడో పాటలో నా ట్రాన్స్‌ఫార్మర్ పోయింది.

ముందు ఒక చిటపట, తర్వాత కమురు వాసన, తర్వాత నా వెనక నుంచి నల్లటి పొగ. గిటార్ మూగబోయింది. నా పొగ చూసి ఎవరో మెయిన్ స్విచ్చి కట్టేశారు, మైకులు కూడా పోయాయి. నిర్వాహకుడు చేతిలో కాగితాలతో వేదిక ఎక్కి, అయ్యో పాపం, పర్లేదు, ఎలాగూ వేళయింది, అందరూ భోజనాల వైపు వెళ్లొచ్చు అన్నాడు.

మార్లా ఆపలేదు. డ్రమ్ముకు కరెంటు అక్కర్లేదు. మూడు ఎడమవి, ఎదురుచూపు, కుడిది. నిర్వాహకుడు ఆమె వైపు చూసి చెయ్యి ఊపాడు. ఆమె అతన్ని చూస్తూనే వాయించింది. డెల్‌రాయ్ చచ్చిన మైకును కింద పెట్టి, వేదిక అంచుకు వచ్చి, వట్టి గొంతుతో అందుకున్నాడు. వెర్నన్ మాత్రం మూగ గిటార్ పట్టుకుని నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. చెయ్యి ఆడింది, శబ్దం లేదు.

అప్పుడు కుర్చీల్లోంచి ఒకావిడ, ఒకప్పుడు కర్మాగారంలో క్రేన్ నడిపినావిడ, ఆ గిటార్ వరసను నోటితో అంది. పక్కనున్నవాళ్లు కలిపారు. రెండో వంతు వచ్చేసరికి మైదానం మొత్తం, నోళ్లు మూసుకుని, గొంతు లోపలి నుంచి, నేను పలికినట్టే పలికింది. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, చేతుల్లో ఐస్‌క్రీములున్నవాళ్లు. కుడికాలి దెబ్బ దగ్గర అందరూ పాదాలు నేలకేసి కొట్టారు, ఆలస్యంగా, సరిగ్గా అంతే ఆలస్యంగా.

నేను మాట్లాడుతున్నప్పుడు నాకు ఇంకేదీ వినపడదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ పాటలు నా గొంతుతోనే విన్నాను, అవి నావే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం మాడిపోయి, మూగగా కూర్చుని, మొదటిసారి అవతలివాళ్లను విన్నాను. సిగ్గుపడ్డానా అంటే లేదు. మోసినవాళ్లు ఇంతమంది ఉన్నారని తెలిస్తే సిగ్గెందుకు? మిగతా రెండు పాటలూ అలాగే అయ్యాయి. నిర్వాహకుడు కాసేపు నిలబడి, తర్వాత వేదిక మెట్ల మీద కూర్చుండిపోయాడు. వంటల పోటీ ఆ ఏడాది అయిదింటికి మొదలైంది.

శీతాకాలంలో ఒక మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. అమెరికా సంగీత చరిత్రలో కోల్డ్ రివెట్ స్థానం గురించి మర్యాదైన మాటలు రాసి, నన్ను అద్దాల బీరువాలో పెడతామన్నారు. భద్రత కోసం వాల్వులు తీసేస్తారట, తీగలు కత్తిరిస్తారట. ఎలాగూ చచ్చిందే కదా, అక్కడైతే నాలుగు కాలాలు ఉంటుందని వెర్నన్ అన్నాడు. మార్లా ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అంటించి, నన్ను తన వంటగదిలోకి మోయించింది. చేత్తో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒకావిడ క్లీవ్‌లాండ్‌లో ఉందని తెలుసుకుని, ఫోనులో గంటలు గంటలు మాట్లాడి, ఎలా బిగించాలో నేర్చుకుంది. మార్చికి కొత్తది వచ్చింది. మార్లా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, తొమ్మిది రోజులు నా మీదికి వంగి టంకం పెట్టింది. రెండుసార్లు వేళ్లు కాల్చుకుంది.

వెర్నన్ వచ్చి మీటి చూశాడు. నా గొంతు మారింది. బొంగురుగా, జలుబు చేసి లేచినవాడి గొంతులా ఉంది.

"ఇది అది కాదు," అన్నాడతను.

"మనం మాత్రం అప్పటివాళ్లమా?" అంది మార్లా. "ఇంకోసారి వాయించు."

అతను ఇంకోసారి వాయించాడు. తల పక్కకు వంచి విన్నాడు. తర్వాత అన్నిటికంటే లావు తీగను మరో అరస్వరం కిందికి దించాడు. గస్ ఇంటికి ఫోను చేశాడు.

మ్యూజియంవాళ్లు ఉత్తరంతో పాటు ఒక ఫారం పంపారు. పేరు, తయారీ సంవత్సరం, తయారుచేసినవారు వంటివి నింపాలి. మార్లా ఓపిగ్గా అన్నీ నింపింది. చివరి గడిలో 'పరికరాన్ని ఆఖరిసారి వాడిన తేదీ' అని ఉంది. దాని ఎదురుగా 'ఇంకా రాలేదు' అని రాసి, సంతకం చేసి, పోస్టులో వేసింది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. మార్లా ఇప్పుడే నా మీట వేసి వెళ్లింది, మిగతా ముగ్గురూ మూడింటికి వస్తారు. వాల్వు యంత్రాన్ని, వేడెక్కడానికి నాకు కొంచెం టైము పడుతుంది. కాబట్టి ఈ మాటలు ఇక్కడ ఆపుతున్నాను. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు.